న్యూయార్క్ ట్రిప్‌లో బ్రాడ్‌వే షో: ఏది చూడాలి, ఎప్పుడు చూడాలి, టికెట్ ఎక్కడ కొనాలి

మా అమ్మానాన్నలు మొదటిసారి వచ్చినప్పుడు నాలుగు రోజుల్లో న్యూయార్క్ మొత్తం చూపించేయాలని ఒక ఎక్సెల్ షీట్ తయారు చేశాను. మూడో రోజు పొద్దున లిబర్టీ విగ్రహం, మధ్యాహ్నం బ్రూక్లిన్ బ్రిడ్జి మీద నడక, సాయంత్రం 7 గంటలకి బ్రాడ్‌వే షో, అంటే టైమ్స్ స్క్వేర్ చుట్టుపక్కల పెద్ద థియేటర్లలో ఆడే నాటకం. తెర లేచిన ఇరవై నిమిషాలకి నాన్న గురక మొదలైంది. అమ్మ పాపం మేలుకునే ఉంది. ఇంటర్వెల్‌లో మాత్రం నెమ్మదిగా "ఇంతకీ వాళ్ళు ఎందుకు పోట్లాడుకుంటున్నార్రా?" అని అడిగింది. మనిషికి 160 డాలర్లు పోసి కొన్న టికెట్లవి. షోలో ఏ లోపమూ లేదు, లోపమంతా నా ఎక్సెల్ షీట్‌లోనే ఉంది.

ఆ తర్వాత అత్తమామలని, చెల్లెలి కుటుంబాన్ని, కాలేజీ స్నేహితులని విడివిడిగా తిప్పాను. ఇప్పుడు పద్ధతి మార్చాను. ముందు షో ఖాయం చేసుకుంటాను, ఊరు దాని చుట్టూ సర్దుతాను. ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ రేపు కూడా అక్కడే ఉంటుంది. షో మాత్రం ఫలానా రోజు, ఫలానా గంటకి మొదలవుతుంది, ఆలస్యంగా వెళ్తే లాబీలో నిలబెడతారు. టికెట్ డబ్బు వెనక్కి ఇవ్వడం దాదాపు ఉండదు. అందుకే విమానం దిగిన రోజుకి షో అసలు పెట్టుకోవద్దు.

ఏ రోజు?

బ్రాడ్‌వేలో ఒక్కో షో వారానికి మామూలుగా 8 సార్లు ఆడుతుంది. ఎక్కువ షోలకి సోమవారం సెలవు. మ్యాటినీలు ఎక్కువగా బుధ, శని, ఆదివారాల్లో, మధ్యాహ్నం 2 గంటలకో 3 గంటలకో ఉంటాయి. మ్యూజియంలకీ ఇలాగే ఒక వారం లెక్క ఉంది. మెట్రోపాలిటన్ మ్యూజియానికి బుధవారం సెలవు, శుక్ర శనివారాల్లో రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది. 9/11 మ్యూజియానికి మంగళవారం సెలవు, బయట ఉన్న మెమోరియల్‌కి మాత్రం టికెట్ లేదు.

ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే సగం ప్లాన్ దానంతటదే తేలిపోతుంది. బుధవారం మెట్ ఎలాగూ మూత కాబట్టి ఆ మధ్యాహ్నం మ్యాటినీకి ఇచ్చేయండి. శుక్రవారం మెట్‌కి సాయంత్రం దాకా సమయం ఉంటుంది కాబట్టి పొద్దున వేరే చోటికి వెళ్ళొచ్చు. సోమవారం ఎక్కువ షోలు ఉండవు కాబట్టి రాత్రి ఎత్తైన భవనం ఎక్కి ఊరి దీపాలు చూడండి.

మ్యాటినీనా, సాయంత్రం షోనా?

ఇండియా నుంచి కొత్తగా దిగినవాళ్ళ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు, మ్యాటినీయే. వేసవిలో న్యూయార్క్‌లో సాయంత్రం 7 అంటే ఇండియాలో తెల్లవారుజామున 4:30. చీకటి హాలు, మెత్తటి కుర్చీ, ఏసీ గాలి. ఎంత గొప్ప పాటైనా జోలపాట అయిపోతుంది. మధ్యాహ్నం 2 అంటే అక్కడ రాత్రి 11:30. అదీ నిద్రవేళే కానీ, మన జనం సెకండ్ షోకి అలవాటు పడ్డవాళ్ళే కదా.

మ్యాటినీతో నష్టం కూడా ఉంది. రోజు మధ్యలో రెండున్నర గంటల షో పడితే పొద్దున ఒకటే పని అవుతుంది. అమెరికాలోనే ఉంటూ శని ఆదివారాలకి వచ్చేవాళ్ళకి జెట్ లాగ్ బాధ ఉండదు కాబట్టి సాయంత్రం షోనే లాభం. పగలంతా తిరగొచ్చు, షో అయ్యాక టైమ్స్ స్క్వేర్ దీపాల్లోకి బయటపడే సరదా కూడా దక్కుతుంది.

ఇక్కడ చాలామంది మరిచిపోయేది సూర్యాస్తమయం. జూన్ ఆఖరులో న్యూయార్క్‌లో పొద్దు కుంకేది దాదాపు రాత్రి 8:30కి. అంటే భవనం మీద నుంచి సూర్యాస్తమయం, 7 గంటల షో ఒకే రోజు కుదరవు. డిసెంబరులో సాయంత్రం 4:30కే చీకటి పడుతుంది. పైకెక్కి చూసి, దిగి, ఏదైనా తిని షోకి తీరిగ్గా నడిచి వెళ్ళొచ్చు. చలికాలానికి ఉన్న అతి కొద్ది సుఖాల్లో ఇదొకటి.

ఏ షో?

అసలు పేచీ ఇక్కడే. "బాగా పేరున్నది ఏది?" అని అడుగుతారు. ఆ ప్రశ్న పక్కన పెట్టి, వచ్చేవాళ్ళకి వేగంగా పాడే ఇంగ్లీషు ఎంత అందుతుందో చూసుకోండి. సినిమా అయితే సబ్‌టైటిల్స్ ఉంటాయి, ఇక్కడ మాట జారిపోతే కథ జారిపోతుంది.

పెద్దవాళ్ళు, పిల్లలు కలిసి వస్తే నేను కళ్ళు మూసుకుని చెప్పేది ది లయన్ కింగ్. 1997 నుంచి ఆడుతోంది, 2006 నుంచి మిన్‌స్కాఫ్ థియేటర్‌లో ఉంది. అన్నని చంపి రాజ్యం లాక్కున్న తమ్ముడు, అడవి పాలైన రాకుమారుడు. పురాణాలు వింటూ పెరిగినవాళ్ళకి ఈ కథ ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. పైగా దీని అందమంతా బొమ్మల్లో ఉంది. మన తోలుబొమ్మలాటలో ఆడించేవాళ్ళు తెర వెనకుంటారు. ఇక్కడ ఆడించే మనిషి ఎదురుగానే కనిపిస్తాడు, జంతువు మొహం అతని నెత్తి మీద ఉంటుంది. కాసేపటికి మనిషి మాయమై జంతువే మిగులుతుంది. ఈ రూపకల్పనలో పెద్ద చెయ్యి దర్శకురాలు జూలీ టేమోర్‌ది. మ్యూజికల్‌కి, అంటే పాటలతో సాగే నాటకానికి, దర్శకత్వం వహించినందుకు బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డు అందుకున్న మొదటి మహిళ ఆవిడే, 1998లో. మొదటి పాటకి జంతువులు ప్రేక్షకుల మధ్య దారుల్లోంచి నడిచి వస్తాయి. రెండోసారి వచ్చినప్పుడు అమ్మని దీనికే తీసుకెళ్ళాను. ఏనుగు పక్కనుంచి వెళ్తుంటే చెయ్యెత్తి దణ్ణం పెట్టింది. పాట అయ్యాక "వన్స్ మోర్ అనొచ్చా?" అని అడిగింది. పద్యనాటకాలు చూసిన తరం మరి. అనకూడదని చెప్పడానికి నాకే మనసొప్పలేదు.

అలాద్దీన్ 2014లో మొదలైంది. సురభి వాళ్ళ నాటకాల్లో కళ్ళెదుటే మనుషులు మాయమవడం, గాల్లో తేలడం చూసి మురిసినవాళ్ళకి ఇక్కడి ఎగిరే తివాచీ తప్పకుండా నచ్చుతుంది. భూతం జోకులు మాత్రం చాలా వేగంగా, అమెరికా సరుకుతో ఉంటాయి, సగం పోతాయి. ఇది ఆడే న్యూ ఆమ్‌స్టర్‌డామ్ థియేటర్ 1903లో కట్టింది. లోపలి చెక్కడాలు, గోడ బొమ్మలు చూడటానికి పావుగంట ముందే వెళ్ళండి. రెండింటిలో ఒకటే అంటే నా ఓటు లయన్ కింగ్‌కే.

వికెడ్ 2003 నుంచి గెర్ష్విన్ థియేటర్‌లో ఆడుతోంది. బ్రాడ్‌వేలో అన్నిటికన్నా పెద్ద హాలు ఇదే, 1,900కి పైగా సీట్లు. హంగు, గొంతులు, సెట్టు అన్నీ భారీగా ఉంటాయి. ఓజ్ మాంత్రికుడి కథ, అంటే అమెరికాలో పిల్లలందరికీ తెలిసిన పాత కథ, ముందే తెలిస్తేనే దీంట్లోని చమత్కారం అందుతుంది. 2024లో వచ్చిన సినిమాలో ఇంటర్వెల్ దాకా ఉన్న కథ ఉంది. అది చూసి వెళ్తే సగం టెన్షన్ తగ్గుతుంది. టీనేజీ పిల్లలకి దీనికి మించింది లేదు.

హామిల్టన్ నాకు ప్రాణం. అయినా మా నాన్నకి మాత్రం చెప్పను. అమెరికా తొలి ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ కథ ఇది, ఆ దేశం తొలినాళ్ళ రాజకీయాలన్నీ ర్యాప్‌లో సాగుతాయి. రెండు గంటల నలభై నిమిషాలకి పైగా మాటల జడివాన. ఇక్కడ చదువుకున్నవాళ్ళు, ఆ చరిత్ర కొంచెం తెలిసినవాళ్ళు వెళ్తే పండగే. ముందు పాటలు రెండు మూడుసార్లు వినండి. మొదటి నటులతో చిత్రీకరించినది 2020 నుంచి డిస్నీ ప్లస్‌లో ఉంది. అది అరగంట పెట్టి చూస్తే మీకు సరిపడుతుందో లేదో టికెట్ కొనకముందే తేలిపోతుంది. దీన్ని ఊరు చూడటంతో కలుపుకోవడం కూడా తేలిక. వాల్ స్ట్రీట్ మొదట్లో ట్రినిటీ చర్చి ఆవరణలో హామిల్టన్ సమాధి ఉంది. అక్కడికి నాలుగడుగుల్లోనే ఫెడరల్ హాల్, 1789లో వాషింగ్టన్ మొదటి అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన చోటు. పొద్దున అవి చూసి సాయంత్రం షోకి వెళ్తే కథ ఇంకా బాగా పడుతుంది.

షికాగో 1996 నుంచి ఆడుతోంది. చౌక టికెట్లు దొరికే పెద్ద పేర్లలో ఇదొకటి కాబట్టి చాలామంది దీనికి వెళ్ళిపోతారు. వెళ్ళే ముందు రెండు విషయాలు తెలుసుకోండి. సెట్టింగులు దాదాపు ఉండవు. వాద్యబృందం స్టేజీ మీదే కూర్చుంటుంది, నటులు నల్లటి పొట్టి బట్టల్లో ఉంటారు. కథంతా హత్యలు, జైలు, కోర్టు, ఎగతాళి. స్నేహితులతో అయితే జాజ్ సంగీతం కోసమైనా వెళ్ళొచ్చు. అత్తమామల పక్కన కూర్చుని చూడటం మాత్రం... నేను చూశాను, మీరు చూడకండి.

ఇంగ్లీషు బొత్తిగా వద్దు, కథతోనూ పని లేదు అనుకునేవాళ్ళు నవంబరు నుంచి జనవరి మొదటి రోజుల మధ్య వస్తే రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌లో క్రిస్మస్ షో ఉంటుంది. ఇది బ్రాడ్‌వే కింద లెక్కకి రాదు. 1932 నాటి హాలు, దాదాపు 6,000 సీట్లు, వరసగా నిలబడి ఒక్క కాలులా లేపే నర్తకీమణులు, గంటన్నరలో అయిపోతుంది. పసిపిల్లలు, బామ్మలు ఉన్న కుటుంబానికి నిజానికి చాలా బ్రాడ్‌వే షోల కన్నా ఇదే నయం. బ్రాడ్‌వే థియేటర్లలో ఎక్కువ చోట్ల నాలుగేళ్ళ లోపు పిల్లల్ని రానివ్వరు, ఒళ్ళో కూర్చోబెట్టుకుంటామన్నా ఒప్పుకోరు.

మాటలు అందవేమోనన్న భయానికి ఒక మందు ఉంది. గాలాప్రో అనే యాప్. చాలా బ్రాడ్‌వే షోలకి సంభాషణలు, పాటలు ఎప్పటికప్పుడు ఇంగ్లీషులో ఫోన్ తెర మీద వస్తాయి. తెర నల్లగా ఉంటుంది కాబట్టి పక్కవాళ్ళకి ఇబ్బంది ఉండదు. ఇంగ్లీషు చదవగలిగి, ఆ యాస పట్టుకోలేనివాళ్ళకి ఇది వరం. ముందురోజే దించుకుని పెట్టుకోండి.

కొత్త షోల గురించి ఒక మాట. చాలావరకు మార్చి, ఏప్రిల్ నెలల్లో మొదలవుతాయి, జూన్‌లో టోనీ అవార్డులు. అవార్డు రాని షోలు కొన్ని ఆ వేసవిలోనే దుకాణం కట్టేస్తాయి. ఆరు నెలల ముందు ఎవరో బాగుందన్నది మీరొచ్చేసరికి ఉండకపోవచ్చు.

టికెట్ ఎక్కడ కొనాలి?

సగటు టికెట్ 100 డాలర్లు దాటుతుంది కాబట్టి నలుగురి కుటుంబానికి ఇది చిన్న ఖర్చు కాదు. దారులు నాలుగు. ఏది మంచిదన్నది మీకు డబ్బు ముఖ్యమా, నిశ్చింత ముఖ్యమా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

పెద్దవాళ్ళతో వస్తే ముందే కొనేయండి. గూగుల్‌లో షో పేరు కొడితే పైన కనిపించేవి చాలాసార్లు తిరిగి అమ్మే సైట్లు, ధర రెట్టింపు ఉన్నా ఆశ్చర్యం లేదు. షో సొంత వెబ్‌సైట్‌కి వెళ్తే అదే అసలు అమ్మేవాళ్ళ దగ్గరికి పంపుతుంది. ఆన్‌లైన్‌లో టికెట్‌కి పది, పదిహేను డాలర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఫీజు వేస్తారు. అదే థియేటర్ కౌంటర్‌లో కొంటే ఆ ఫీజు ఉండదు. న్యూజెర్సీలో ఉండి ఏదో పని మీద మాన్‌హట్టన్ వెళ్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ చేత కొనిపించండి. నలుగురి మీద ఒక పూట భోజనం ఖర్చు మిగులుతుంది.

రెండోది టైమ్స్ స్క్వేర్‌లో ఎర్రమెట్ల కింద ఉండే టీకేటీఎస్ కౌంటర్. 1973 నుంచి నడుస్తోంది. ఆ రోజు మిగిలిపోయిన టికెట్లు 20 నుంచి 50 శాతం తగ్గింపుతో ఇస్తారు, కొద్దిపాటి సర్వీస్ చార్జీ ఉంటుంది. ఏ షోకి ఉన్నాయో పెద్ద బోర్డు మీద చూపిస్తారు. హామిల్టన్, లయన్ కింగ్ లాంటివి ఆ బోర్డు మీద కనిపించడం అరుదు. ఏదైనా పర్వాలేదు, బాగుంటే చాలు అనుకునే ఇద్దరు ముగ్గురు స్నేహితులకి ఇది సరైన చోటు. క్యూలో నిలబడటం కూడా ట్రిప్‌లో భాగమే వాళ్ళకి. అమ్మమ్మని నిలబెట్టే చోటు మాత్రం కాదు.

మూడోది లాటరీ, రష్ టికెట్లు. లాటరీ ఫోన్‌లోనే వేయొచ్చు. హామిల్టన్ లాటరీ టికెట్ 10 డాలర్లే. రష్ అంటే పొద్దున కౌంటర్ తెరిచే వేళకి వెళ్ళి ఆ రోజు కోసం విడిగా పెట్టిన చౌక టికెట్లు కొనుక్కోవడం. రెండింటిలోనూ మామూలుగా మనిషికి రెండు టికెట్లే. లాటరీ తగిలితే అదృష్టం, దాన్ని నమ్ముకుని ప్లాన్ వేయకండి. నేను ఏడేళ్ళుగా వేస్తున్నాను, తగిలింది ఒక్కసారి. ఆ రోజు ఆఫీసు పని మీద వేరే ఊళ్ళో ఉన్నాను.

నాలుగోది బ్రాడ్‌వే వీక్. ఏడాదికి రెండుసార్లు, జనవరి ఫిబ్రవరి మధ్య ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి, ఒకటి కొంటే ఒకటి ఇస్తారు. తేదీల విషయంలో పట్టింపు లేనివాళ్ళకి నిజమైన ఆదా ఇక్కడే. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా వారం మాత్రం ఏ దారిలో వెళ్ళినా ధరలు ఆకాశంలోనే ఉంటాయి.

ఎక్కడ కూర్చోవాలి?

మన పాత సినిమా హాళ్ళలో నేల చౌక, బాల్కనీ ఖరీదు. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. కింద ఉండేది ఆర్కెస్ట్రా, దాని పైన మెజనీన్, అన్నిటికన్నా పైన బాల్కనీ. బాల్కనీయే చౌక. "బాల్కనీ టికెట్లు దొరికాయి" అని సంబరపడి కొన్న బంధువులు నాకున్నారు.

నాట్యం, వరసలు, దీపాల ఆట బాగా కనిపించేది మెజనీన్ మొదటి వరసల్లో, మధ్యలో. లయన్ కింగ్‌కి మాత్రం ఆర్కెస్ట్రాలో దారి పక్క సీటు కోసం ప్రయత్నించండి, కారణం పైనే చెప్పాను. మోకాళ్ళ నొప్పులుంటే పాత థియేటర్లలో పై అంతస్తులు వద్దే వద్దు. మెట్లు నిలువుగా ఉంటాయి, చాలా చోట్ల లిఫ్ట్ లేదు, కాళ్ళు చాపుకునే చోటూ తక్కువే. "పార్షియల్ వ్యూ" అని రాసి ఉన్న సీటు కొనే ముందు ఏ వైపు అడ్డమో చూసుకోండి. ఇంటర్వెల్ పావుగంటే, ఆడవాళ్ళ బాత్రూం క్యూ మాత్రం లాబీ దాకా వస్తుంది. షో మొదలయ్యే ముందే ఒకసారి వెళ్ళిరావడం మంచిది.

షో ఉన్న రోజు ఏం చూడాలి?

లిబర్టీ విగ్రహాన్ని షో ఉన్న రోజు పెట్టుకోకండి. బ్యాటరీ పార్క్‌లో విమానాశ్రయం తరహా తనిఖీ, పడవ కోసం క్యూ, విగ్రహం, తర్వాత ఎల్లిస్ ఐలాండ్. సగం రోజు గ్యారంటీగా పోతుంది, ఒంట్లో ఓపికంతా పోతుంది. విగ్రహం కిరీటం దాకా ఎక్కాలంటే నెలల ముందే టికెట్ కొనాలి. పైన కాలు పెట్టాలన్న పట్టుదల లేకపోతే స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ ఎక్కండి. పూర్తిగా ఉచితం, రాత్రీ పగలూ నడుస్తుంది, ఒక వైపు 25 నిమిషాలు. వెళ్ళేటప్పుడు కుడివైపు నిలబడితే విగ్రహం బాగా కనిపిస్తుంది. ఆ చుట్టుపక్కల చొక్కా పట్టుకుని టికెట్లు అమ్మబోయేవాళ్ళకి డబ్బివ్వకండి. మా చెల్లెలి కుటుంబం మ్యాటినీ రోజు పొద్దున ఫెర్రీలో వెళ్ళొచ్చి, తిని, 2 గంటలకల్లా సీట్లలో ఉన్నారు.

భవనాల్లో ఏది ఎక్కాలి? పేరు కోసమైతే 1931 నాటి ఎంపైర్ స్టేట్. ఫోటో కోసమైతే రాక్‌ఫెల్లర్ సెంటర్‌లోని టాప్ ఆఫ్ ది రాక్. అక్కడ నుంచి ఒక వైపు సెంట్రల్ పార్క్, ఇంకో వైపు ఎంపైర్ స్టేట్ కనిపిస్తాయి. ఎంపైర్ స్టేట్ ఎక్కితే ఎంపైర్ స్టేట్ కనపడదు కదా. థియేటర్లకి కూడా అది నడకదూరం. 2021లో తెరిచిన సమ్మిట్ వన్ వాండర్‌బిల్ట్‌లో నేలంతా అద్దాలు. కుర్రాళ్ళకి సరదా, కళ్ళు తిరిగేవాళ్ళకి నరకం, గౌనో స్కర్టో వేసుకుని వెళ్తే ఇబ్బంది. రెండు భవనాలు ఎక్కడం దండగ, ఒకటి చాలు.

అన్నీ కలిపి అమ్మే పాస్‌లలో మామూలుగా బ్రాడ్‌వే షో ఉండదు. షో పెట్టుకున్న మూడు రోజుల ట్రిప్‌లో పాస్ డబ్బు రాబట్టాలంటే పరుగెత్తాలి, మళ్ళీ నా ఎక్సెల్ షీట్ కథే. టైమ్స్ స్క్వేర్ దగ్గర బస్సులో కూర్చుని ట్రాఫిక్ చూసే బదులు సబ్‌వే ఎక్కండి. కార్డో ఫోనో గేటు దగ్గర ఆనిస్తే చాలు.

ఊళ్ళో ఉన్నది సోమవారం ఒక్కరోజే అయితే షో మీద పూర్తిగా ఆశ వదులుకోనక్కర్లేదు. ఆ రోజు కూడా కొన్ని షోలు ఆడతాయి, టీకేటీఎస్ కౌంటర్ బోర్డు మీద ఏమున్నాయో చూడండి. ఏదీ నచ్చకపోతే 45వ వీధిలో 2022లో తెరిచిన బ్రాడ్‌వే మ్యూజియంలో పాత షోల దుస్తులు, సెట్లు చూసి, చీకటి పడ్డాక టాప్ ఆఫ్ ది రాక్ ఎక్కండి.